చిల్లుపడ్డ ఏడాది

పొద్దున్నే చిన్నమ్మాయి ముందుగదిలో ఎవరిదో కుట్టుమిషను విప్పుకుని కూర్చునేది. మధ్యాహ్నంలోపు రెండు మిషన్లైనా బాగుచేస్తే గానీ ఆమెకి అన్నం సహించదు. మధ్యమధ్య లేచి, చేతులకంటిన నూనె కడుక్కుని, తండ్రికి గడ్డం గీసేది, మాత్రలు మింగించేది, చొక్కా గుండీలు పెట్టేది. అన్నీ అయ్యాక ఆయన రెండు చేతులూ జోడించి, "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. ఏ ఆస్పత్రి నుంచి పంపారు నిన్ను?" అనేవాడు.

రోజూ అదే ప్రశ్న. రోజూ ఆమెకి ఒళ్ళు మండేది.

ఆయన కొట్లలో తూకపురాళ్ళు తనిఖీ చేసే ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు బడికి వెళ్ళే రోజుల్లో నాణేల పిచ్చి పట్టుకుంది. తన పెళ్ళయిన ఏడు మొదలుకుని, ఏడాదికొకటి చొప్పున, గడులున్న ఆల్బంలో పేర్చుకుంటూ వచ్చాడు. గడిలో కూర్చున్న నాణెం మీద వేలు పెడితే ఆ ఏడాది మొత్తం వేలికొసలోంచి ఒంట్లోకి వచ్చేది, వానలూ జ్వరాలూ పోట్లాటలతో సహా. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటి టీచరమ్మ అప్పుడప్పుడూ వచ్చి, తనకి ఉద్యోగమొచ్చిన ఏడాదిని ముట్టుకుని, కాఫీ తాగి వెళ్ళేది. ముసలితనంలో మతి తప్పాక ఆయనకి ఆ ఆల్బమే మతి అయింది. పొద్దున ఒకసారి నలభై ఏళ్ళూ తడుముకుంటే ఆ రోజుకి అన్నీ గుర్తుండేవి.

ఒక్క గడి మాత్రం ఖాళీ. అది చిన్నమ్మాయి పుట్టిన ఏడు.

ఆ ఏడు లేకపోయేసరికి తర్వాతి ఏళ్ళన్నిటిలోనూ ఆమె ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియని మనిషైపోయింది. "ఎవరో పిల్లండీ, పాపం మా ఇంట్లోనే తిరుగుతూ ఉండేది" అని ఆయన టీచరమ్మతో చెప్పేవాడు, ఆమె ఎదురుగానే.

పోనీ ఆ నాణెం దొరకలేదా అంటే, దొరక్కేం! ఆ ఏడు తక్కువే ముద్రించినా మూడుసార్లు గుమ్మం దాకా వచ్చింది. ఒకటి అంచు అరిగిందన్నాడు. ఒకటి గీత పడిందన్నాడు. ఇంకొకటి నిగనిగలాడుతుంటే, ఎవరో తోమేశారు, తోమిన నాణెం చచ్చిన నాణెం అని తిప్పి పంపేశాడు. ఆల్బం మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు కూడా: "గీత, మచ్చ, చిల్లు ఉన్నవి చేర్చరాదు." మతి పోయినా ఆ రూలు పోలేదు. కాగితం మీద ఉంది కదా మరి.

ఆ వారం అక్క ఫోన్ చేసింది. "ఆదివారం వచ్చి నాన్నని తీసుకెళ్ళిపోతానే. నన్నైతే గుర్తుపడతాడు. పరాయి మనిషి చేతిలో ఉన్నానని బెంగపెట్టుకున్నాడు."

"ఎవరే పరాయి మనిషి?"

"నా మాట కాదే, ఆయన మాట. అన్నట్టు అటక మీద మన ఇనప ఉయ్యాల ఉంది చూడు, అది కూడా విప్పి ఉంచు. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి."

"నాన్ననీ తీసుకుపో, ఉయ్యాలా తీసుకుపో. ద్వారబంధాలు కూడా ఊడబెరికి ఉంచమంటావా?" అని చిన్నమ్మాయి ఫోన్ పెట్టేసింది. తిట్టిందే గానీ, ఆదివారం తర్వాత ఆ గడ్డం ఎవరు గీస్తారోనన్న దిగులు శనివారం దాకా ఆమెని వదల్లేదు.

శనివారం ఉయ్యాల దింపి బోల్టు విప్పుతుంటే నల్లటి వాషరు ఒకటి ఊడి ఒళ్ళో పడింది. గుడ్డతో తుడిస్తే అంకెలు కనిపించాయి. వాషరు కాదు, నాణెం. ఆమె పుట్టిన ఏడు. నడిమధ్యలో చిటికెనవేలంత లావు బోల్టు దూరేంత చిల్లు.

శనివారం శనివారం తండ్రితో నాణేల కబుర్లు చెప్పడానికి ఒక స్నేహితుడు వచ్చేవాడు. నాణేల సంఘానికి పెద్ద. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అనేవాళ్ళు. ఆ పూటా వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. చిన్నమ్మాయి పరుగున వెళ్ళి నాణెం ఆయన చేతిలో పెట్టింది. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది నాణెం కాదమ్మా, వాషరు" అన్నాడు.

"అంకెలు కనబడట్లేదా?"

"కనబడుతున్నాయి. చిల్లూ కనబడుతోంది. ఖాళీ గడికి ఒక గౌరవం ఉంటుంది తల్లీ. ఇలాంటిది పెడితే మిగతా నలభై నాణేల పరువూ పోతుంది."

"అలాగా! అయితే రేపట్నుంచి ఆ గౌరవాన్నే వచ్చి గడ్డం గీయమనండి."

తండ్రి కుర్చీలోంచి మెల్లగా అన్నాడు. "ఆయన చెప్పింది న్యాయమేనమ్మా. రూలు రూలే."

దాంతో ఆమెకి కోపం కట్టలు తెంచుకుంది. పై పెదవి చీలి పుట్టిన పిల్ల ఆమె. ఊహ తెలియక ముందే కుట్లు వేశారు, ముక్కు దాకా గీత మిగిలింది. ఆ గీత మీద వేలు పెట్టి అరిచింది. "నేనూ గీత పడ్డ సరుకునే! నన్నెందుకు తిప్పి పంపలేదు? మచ్చలేనిది దొరికేదాకా ఇంట్లో కూతురి చోటు కూడా ఖాళీగా ఉంచుకోవాల్సింది!"

ఆల్బం లాక్కుని చిల్లు నాణేన్ని గడిలో అదిమింది. తండ్రి చెయ్యి పట్టుకుని, వేలు దాని మీద పెట్టింది. భూతద్దం అభ్యంతరం చెప్పబోయి, ఆమె చేతిలో స్క్రూడ్రైవరు చూసి ఊరుకున్నాడు.

తండ్రి చిల్లు అంచు చుట్టూ వేలు తిప్పాడు. తర్వాత తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"చిన్నదానా, ఇంత పెద్దదానివి ఎప్పుడయ్యావే?" అన్నాడు. "ఉయ్యాల కిర్రుమంటే ఉలిక్కిపడి లేచేదానివి. ఆ వేళకి వాషరు దొరక్కపోతే జేబులో నాణెం తీసి, ఆఫీసులో తూకపురాళ్ళు తొలిచే బర్మాతో చిల్లు పొడిచింది నేనేగా."

ఆమెకి ఏడుపు ఆగలేదు.

"నువ్వు పుట్టిన కబురు గుర్తుంది. ఉయ్యాల గుర్తుంది. మధ్యలో ఏదో లేదే. ఏమైంది?" అన్నాడాయన. చిల్లు ఉన్నంత మేర ఏడాది లేదు మరి.

ఏమైందో అమ్మ పోయేముందు ఆమెకి చెప్పింది. ఏమీ కాలేదు నాన్నా అని ఊరుకోవచ్చు. కానీ ఊరుకోబుద్ధి కాలేదు. "నా పెదవి సంగతి విని నాలుగు రోజులు ఆస్పత్రికి రాలేదు నువ్వు. అమ్మ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది" అంది.

ఆయన తలవంచుకున్నాడు.

ఆదివారం అక్క కారు తీసుకుని వచ్చింది. చిన్నమ్మాయి ఉయ్యాలకి కొత్త వాషరు వేసి ఇచ్చింది. తండ్రి పెట్టె మాత్రం కదల్లేదు. ఆయన పొద్దున్నే ఆ నాణెం మీద వేలు పెట్టి, అడిగి, మళ్ళీ మొత్తం విన్నాడు. "నువ్వు వెళ్ళమ్మా," అన్నాడు పెద్దకూతురితో. "నేను దీని దగ్గర నాలుగు రోజులు కూర్చోవాలి. అవి అయిపోగానే వస్తాను."

విన్నదేదీ ఆ చిల్లులో నిలవదు. తెల్లారేసరికి జారిపోతుంది. ఆయన రోజూ ఆల్బం తడుముకుని, ఐదో గడి దగ్గర ఆగి, మధ్యలో ఏమైందే అని అడుగుతాడు. ఆమె రోజూ, గడ్డానికి నురగ రాస్తూ, అంతే కోపంగా చెబుతుంది. విని ఆయన, నాలుగు రోజులు ఇక్కడే కూర్చుంటానంటాడు.

"ఇంకా ఎన్నాళ్ళే?" అని అక్క ఫోన్లో అడుగుతూనే ఉంది. మూడేళ్ళయింది.

"నాలుగు రోజులటే," అంటుంది చిన్నమ్మాయి.