తలుపు కడియానికి తెల్ల పట్టీ

తలుపు చప్పుడు మెత్తగా వినబడింది. మేడ మీద మంచంలో పడుకున్న యొసీన దిగ్గున తలెత్తింది.

గెంట్ పట్టణంలో ఆ మెత్తటి చప్పుడు తెలియని ఆడది ఉండదు. ఇంట్లో బిడ్డ పుడితే వీధి తలుపు ఇనుప కడియానికి తెల్లటి గుడ్డ చుడతారు, ఎవరైనా వచ్చి కడియం కొట్టినా పసిగుడ్డు ఉలిక్కిపడకూడదని. ఆ గుడ్డ కనబడితే చాలు, వీధి వీధంతా బాలింతను చూడడానికి బయలుదేరుతుంది. యొసీన ఇంట్లో బిడ్డ పుట్టిన సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదు. పక్కింటివాళ్ళతో ఇంకా నెల గడువుందని నమ్మకంగా అన్నారు, తమ లెక్క కూడా నిజానికి అంతే. గురువారం పడవెక్కి సరిహద్దు అవతలి ఎమ్డెన్ రేవు వైపు వెళ్ళిపోయి, అక్కడ తమవాళ్ళ మధ్య కనాలనుకుంది. బిడ్డ ఆగలేదు. సరే, వచ్చేసింది. పడవ కదిలేదాకా ఏడుపు బయటికి వినబడకుండా చూసుకుంటే గండం గట్టెక్కినట్టే. మరి ఆ కడియానికి గుడ్డ ఎవరు చుట్టారు?

ఇంకెవరు, మొగుడే. పావెల్స్ పట్టీలు నేసే నేతగాడు. మంచివాడు, దైవభక్తుడు, సంతోషం వస్తే మాత్రం బుర్ర పనిచెయ్యదు. తెల్లవారగానే కిందికి దిగి, తన మగ్గం మీద తీసిన సన్నటి నార పట్టీని ముచ్చటగా మడతలు పెట్టి కడియానికి చుట్టేశాడు. వాళ్ళ నాన్న చుట్టాడు, తాత చుట్టాడు, తనూ చుట్టాడు. చేతులు చేసిన పని తలకెక్కలేదు.

"నా తల్లే, నా బంగారమే! మాకు చెప్పనైనా చెప్పలేదేమమ్మా?" అంటూ పక్కింటి బార్బెల మెట్లెక్కి రానే వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. అందులో కోడిగుడ్డూ దాల్చినచెక్కా వేసి కాచిన వేడి ద్రాక్షసారా. "తాగు, ఒంట్లోకి నెత్తురొస్తుంది. ఆడపిల్లా? ముక్కు అచ్చం వాళ్ళ నాన్నదే, పాపం. ఇంతకీ జ్ఞానస్నానానికి చర్చికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు? జ్ఞానతల్లి ఎవరు?"

యొసీన కళ్ళు మూసుకుని కడుపు పట్టుకుని మూలిగింది. అబద్ధం చెప్పకుండా తప్పించుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం తోచలేదు.

"అయ్యో, పడుకో, పడుకో. నిన్న పుట్టి ఉంటుంది. అయితే ఇవాళ తీసుకెళ్ళాలే. దారిలో మన చర్చి గిల్లిస్ స్వామి కనబడితే నే చెప్తాలే, ఆయన సంతోషిస్తారు." బార్బెలలో చెడ్డతనం ఇసుమంతైనా లేదు. మంచితనంతోనే కొంపలు ముంచే రకం.

ఆమె వెళ్ళగానే పావెల్స్ గుమ్మంలోకి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"నీకు మతి పోయిందా? నా పీకకి ఉరి నువ్వే చుట్టావా?" అంది యొసీన. అరవడానికి కూడా భయమే, గొంతులోనే అరిచింది.

"తోచలేదే. బిడ్డ బతికిందన్న సంబరంలో..." అని ఆ మహానుభావుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"పోయి తీసెయ్యి."

"ఇప్పుడు తీస్తే ఇంకా అనుమానపడతారే."

అదీ నిజమే. యొసీన బిడ్డను గుండెకు అదుముకుంది.

వాళ్ళు దేవుణ్ణి నమ్మనివాళ్ళు కారు. మరీ ఎక్కువ నమ్మినవాళ్ళు, చిక్కంతా అక్కడే వచ్చింది. జ్ఞానస్నానం బుద్ధి తెలిసిన మనిషి తానై అడిగి పొందాలి కానీ, ఊహ తెలియని పసిబిడ్డ నెత్తిన నీళ్ళు పోయడం దేవుణ్ణి వెక్కిరించడమే అని వాళ్ళ సంఘం మాట. అట్లా అనడం చావుకు తగిన నేరమని ఆ దేశాన్ని ఏలే స్పెయిన్ రాజు మాట. రెండేళ్ళ కిందట జనం చర్చిల్లో దూరి విగ్రహాలు పగలగొట్టినప్పుడు రోజులు మారాయని అందరూ అనుకున్నారు. ఆ రాజు పంపిన సైన్యం దిగాక తెలిసింది ఎటు మారాయో. సముద్రం అవతలి నుంచి ఉన్ని రావడం తగ్గి సగం మగ్గాలు పడుకున్నాయి. పనిలేని వాళ్ళు, ఒకరి ఇంటి గురించి ఒకరు చెప్పి నాలుగు రాళ్ళు సంపాదించడం మొదలుపెట్టారు. మొన్న వసంతంలో తమ సంఘంవాడే, చెప్పులు కుట్టే మార్టెన్‌ను సంత మధ్యలో సజీవంగా కాల్చారు. అతని భార్య కడుపుతో ఉందని ప్రసవం అయ్యేదాకా ఆగారు. అయ్యాక గోనెసంచిలో కట్టి నదిలో వేశారు. బిడ్డ నెత్తిన నీళ్ళు పోసి ఎవరికో ఇచ్చారు. ఎవరికిచ్చారో ఇప్పటికీ తెలియదు.

ఆ బిడ్డ గుర్తుకొస్తే యొసీనకు చావు కూడా చిన్నదనిపించేది. తన బిడ్డ ఎవరి ఇంట్లోనో, ఎవరినో అమ్మా అని పిలుస్తూ పెరుగుతుంది.

మధ్యాహ్నానికి మంత్రసాని అమెల్‌బెర్గ వచ్చింది. కాన్పుకు మొదట ఆమెను పిలవకూడదనే అనుకున్నారు. పట్టణంలో పుట్టిన ప్రతి బిడ్డ సంగతీ చర్చికి తెలియజేస్తానని ప్రమాణం చేసిన మంత్రసాని ఆమె. కానీ బిడ్డ అడ్డం తిరిగి, యొసీన ప్రాణం కడబట్టే సమయానికి పావెల్స్ తట్టుకోలేక పరుగెత్తి ఆమెనే తీసుకొచ్చాడు. ఆమె మగవాణ్ణి కిందికి తరిమి తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో యొసీనకు తెలియదు. తెలివి వచ్చేసరికి అమెల్‌బెర్గ తడిసిన పసి జుట్టును నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడుస్తోంది.

"పాలు పడ్డాయా?" అని అడిగింది అమెల్‌బెర్గ, కడుపు మీద చెయ్యివేసి నొక్కుతూ. ముఖాన నవ్వన్నది ఎరగని మనిషి. "వీధిలో బార్బెల ఊదరగొడుతోంది. పిల్లని ఇంకా చర్చికి తీసుకుపోలేదేం?"

యొసీన ఆమె చేయి పట్టుకుంది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. గురువారం దాకా ఏమీ చెప్పకు."

"నువ్వేదో అన్నావు, నాకు వినబడలేదు. చెవుల్లోకి నీళ్ళు పోయాయి." అమెల్‌బెర్గ చేయి విడిపించుకుని పొత్తిగుడ్డలు వెచ్చబెట్టడానికి మూలనున్న పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె మనసులో ఏముందో ఆ వీపు చూసి ఎవరు చెప్పగలరు?

అప్పుడే తలుపు మళ్ళీ మెత్తగా మోగింది. ఈసారి ఆగకుండా మోగింది.

గిల్లిస్ స్వామి లావుపాటి మనిషి, మెట్లెక్కేసరికి ఆయాసపడ్డారు. వెనకాల కత్తి కట్టుకున్న జవాను ఒకడు. జవానును చూడగానే యొసీన బిడ్డను దుప్పటి లోపలికి లాక్కుంది.

"ఏమయ్యా పావెల్స్, బిడ్డ పుడితే నాకు కబురే లేదు?" అన్నారు స్వామి. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయం వేసింది.

"ముందే పుట్టిందండీ" అన్నాడు పావెల్స్.

"ముందే పుడితే ముందే తేవాలి కదా. ఏ ఘడియకి ఏమవుతుందో! అసలు నువ్వు చర్చి మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

జవాను పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "స్వామీ, వీళ్ళతో ఇంత మాటెందుకు? సిలువ మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యమనండి, రేపొద్దున బిడ్డని తెస్తానని. ఆ జాతి వాళ్ళైతే చచ్చినా ప్రమాణం చెయ్యరు. తేలిపోతుంది."

ఆ మాట నిజం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి ప్రమాణం చెయ్యకూడదన్నది సంఘం కట్టుబాటు. అబద్ధం ఆడినా, నిజం దాచినా వెలి. వెలి పడిన మనిషితో కట్టుకున్నవాళ్ళైనా ఒక బల్ల దగ్గర తినకూడదు, ఒక మంచం మీద పడుకోకూడదు. పావెల్స్ చచ్చినా ప్రమాణం చెయ్యడు, ఆ సంగతి ఆమెకు తెలుసు. స్వామి నడుముకున్న సిలువ తీసి ముందుకు చాపారు. పావెల్స్ చెయ్యి అంగుళం కదల్లేదు. చెయ్యి పెట్టు, దేవుడా, ఈ ఒక్కసారికి పెట్టించు అని యొసీన లోలోపల ఏడ్చింది. ఆ ప్రార్థనకు ఆమెకే సిగ్గువేసింది.

"వాణ్ణెందుకు పీడిస్తారు స్వామీ?" అంది అమెల్‌బెర్గ పొయ్యి దగ్గర నుంచి. చేతిలో పొత్తిగుడ్డతో ముందుకొచ్చింది. "పిల్లకి జ్ఞానస్నానం అయిపోయింది. నేనే ఇచ్చా."

స్వామి చాపిన సిలువ దించారు.

"నువ్వా?"

"పిల్ల నీలంగా పుట్టింది. ఏడవలేదు, కదల్లేదు. పోయిందనే అనుకున్నా. ప్రాణం మీదికొస్తే మంత్రసాని పొయ్యొచ్చని మీరే కదా నేర్పారు. కూజాలో నీళ్ళు నెత్తిన పోశా. ఆ తర్వాత కెవ్వుమంది."

స్వామి ముఖం మారింది. ఇది ఆయన పని. "ఏ మాటలు పలికావు?"

ఆమె గడగడా చెప్పింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ఏం పేరు పెట్టావు?"

"లీవినా."

"మరి ఈ మొగుడూ పెళ్ళాలు చెప్పరేం?"

"వాడు కింద ఉన్నాడు. ఇది ఒళ్ళు తెలియకుండా పడుంది. నేను చెప్పలేదు. నిన్నటి నుంచి రెండు కాన్పులు చూశా, మీ దగ్గరికి రావడానికి తీరిక లేకపోయింది. తిట్టాలంటే నన్ను తిట్టండి."

స్వామి మంచం వైపు తిరిగారు. "నిజమేనా అమ్మా?"

"నాకు తెలివి లేదండీ. నాకేమీ తెలియదు" అంది యొసీన. బతికినన్నాళ్ళలో అంత కృతజ్ఞతతో ఆమె ఒక నిజం చెప్పి ఉండదు.

అమెల్‌బెర్గ ఎవరూ అడగకుండానే సిలువ మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేసింది. ఇక స్వామి చెయ్యగలిగింది లేదు. ఒకసారి ఇచ్చిన జ్ఞానస్నానం మళ్ళీ ఇవ్వకూడదు, పెద్దయ్యాక మళ్ళీ తీసుకుని ఆ తప్పు చేసేవాళ్ళనే కదా వాళ్ళు కాలుస్తున్నది. మిగతా తంతుకు, నూనెకూ ఉప్పుకూ, ఆదివారం చర్చికి తీసుకురమ్మని చెప్పి దీవించారు. జవాను మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి పావెల్స్ చేతిని ఒకసారి చూసి వెళ్ళాడు. ఆదివారానికి తాము ఉండరు. పావెల్స్ గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత పట్టీ విప్పడానికి కిందికి పోయాడు.

"అక్కా, నా బిడ్డ కోసం దేవుడి మీద అబద్ధపు ప్రమాణం చేశావు. నీ రుణం ఎట్లా తీర్చుకోను?" అంది యొసీన.

అమెల్‌బెర్గ చేతులు కడుక్కుంటూ ఆగింది. "అబద్ధమా? సిలువ మీద చెయ్యేసి అబద్ధమాడతానటే నేను?"

యొసీనకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమె గుడ్డతో తుడుస్తున్న ఆ తడి జుట్టు కళ్ళముందు కదిలింది.

"మీరెవరో గడప తొక్కగానే తెలిసింది నాకు. గోడ మీద ఒక్క సిలువ లేదు, ఒక్క పటం లేదు" అంది అమెల్‌బెర్గ. గొంతు తగ్గించింది. "తెలిసే పోశా. నీళ్ళు పడకుండా పోయిన బిడ్డల్ని ఎక్కడ పాతతారో తెలుసా? శ్మశానం గోడ అవతల, కుక్కల్ని పాతే చోట. నా పిల్ల అక్కడే ఉంది. నీళ్ళు తెచ్చేలోపు పోయింది. దానికి పెట్టాలనుకున్న పేరే నీ పిల్లకి పెట్టా. తిట్టుకో, కొట్టు, నీ ఇష్టం." తుడుచుకున్న చేతులు మళ్ళీ తుడుచుకుని, సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

యొసీనకు కోపం వచ్చింది. మంటల్లోకి పోయినవాళ్ళు ఏ నీళ్ళు వద్దని పోయారో ఆ నీళ్ళు తన బిడ్డ నెత్తినే పడ్డాయి. కోపం ఎంతోసేపు నిలవలేదు. గోడ అవతలి మట్టి ఒకటే కళ్ళలో ఆడింది. ఆ వెనకే, పావెల్స్‌కు ఏం చెప్పాలన్న భయం కొత్తగా వచ్చి కూర్చుంది.

పావెల్స్ చేతిలో పట్టీతో మెట్లెక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఆ మహాతల్లి మనకోసం తన ఆత్మనే తాకట్టు పెట్టిందే. రోజూ ఆవిడ కోసం ప్రార్థిద్దాం. మన బిడ్డ నెత్తిన వాళ్ళ నీటిచుక్క పడలేదు, అది చాలు నాకు. ఎమ్డెన్‌లో సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్తాను. అవునూ, పేరేం పెడదాం?"

"లీవినా" అంది యొసీన.

"అది ఆవిడ నోటికొచ్చిన పేరు కదే?"

"అదే ఉండనీ."

"అదేమిటే? నిజం చెప్పు." అతను ఎప్పుడూ అట్లాగే అడిగేవాడు. ఆమె ఎప్పుడూ చెప్పేది.

యొసీన బిడ్డ టోపీని నుదుటి మీదికి లాగింది, తడి ఇంకా కనబడుతుందేమోనన్నట్టు. "ఏముంది, ఆ పేరు నచ్చింది" అంది. జవాను నుంచి పారిపోవడానికి గురువారం పడవ ఉంది. ఆ పడవలో నిజం చెప్పమనే ఈ మనిషి తన పక్కనే కూర్చుంటాడు.