చంద్రకాంతం గారి అంటుకత్తి

నేను ఒక అంటుకత్తిని, మొక్కలకు అంటు కట్టేటప్పుడు పుల్లలు కోసేదాన్ని. విరిగిన లారీ కమాన్ బద్దను సాగగొట్టి నన్ను తయారుచేసిన కమ్మరి, "ఇది కూరలు తరగడానికి కాదమ్మా" అంటూ చంద్రకాంతం చేతిలో పెట్టాడు. తోటపని నేర్పే బడిలో అప్పుడే టీచరుగా చేరిన ఆ అమ్మాయి, ముంజేతి వెంట్రుకల మీద నా పదును చూసుకుని, "కూరలు మా ఆయన తరుగుతారులెండి" అంది.

అప్పటినుంచి నన్ను ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఇప్పుడు కడియం చుట్టుపక్కల నర్సరీలకు యజమానులై కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. అంటు బతికితే తమ హస్తవాసి అంటారు, చస్తే కత్తి మొద్దుబారిందంటారు. మనుషుల తీరే అంత.

రిటైరైనా ఆవిడ పాఠాలు మానలేదు. మొన్న తొలకరిలో, బడి గోడ పక్కనున్న పాత మామిడిచెట్టును రోడ్డు కోసం మర్నాడే కొట్టేస్తారని తెలిసింది. అలాంటి కాయ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఆ పూటే కొమ్మల చివర్ల పుల్లలు కోయించి, నన్ను చేతిలోకి తీసుకుంది. వేళ్లు వణికాయి. కోత వంకరపోయింది. రెండోదీ అంతే. కోత నున్నగా లేకపోతే అంటు అతకదు.

నన్ను గుడ్డతో తుడిచి నూకరత్నం వైపు చాపింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరిలో నున్నగా కోసేది ఆమే. కానీ ఆమె కట్టిన అంటు ఒక్కటీ బతకలేదు. చిగురు వచ్చిందేమోనని రోజూ పైన కప్పిన ప్లాస్టిక్ తొడుగు ఎత్తి చూసి, లోపలి తేమ పోగొట్టేది మరి.

"మీ కత్తితోనా? వద్దమ్మగారండీ, ఈ చెట్టు వంశం నా చేతిలో ఆగిపోద్ది!"

"కొయ్యడం నీకొచ్చు, ఊరుకోవడమే రాదు. కడుపులో బిడ్డ ఎదిగిందో లేదోనని రోజూ కోసి చూస్తామటే? కట్టు, మూసెయ్, పో!"

పొద్దుగూకేలోగా నూకరత్నం పుల్లలన్నీ కుండీల్లోని మామిడి మొక్కలకు అంటుకట్టేసింది. మర్నాడు చెట్టు కూలింది.

నూకరత్నం రోజూ నీళ్లు పోసి, తల తిప్పుకుని వెళ్లిపోయేది. ఆగలేకపోయింది పెద్దావిడే. ఒకనాడు పొద్దున్నే నీడపందిట్లోకి వచ్చి, మెల్లగా తొడుగు అంచు పట్టుకుంది.

"అమ్మగారండీ! చెయ్యి తియ్యండి!"

ఇన్నేళ్లూ అందరినీ అదిలించిన మనిషి ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. తర్వాత పందిరి అదిరేలా నవ్వింది.

చెమర్చిన తొడుగుల్లో రాగిరంగు చిగుళ్లు కనిపించిన రోజున నూకరత్నం నన్ను తిరిగి ఇవ్వబోయింది.

"ఉంచుకోవే. రేపటి క్లాసు నువ్వే చెప్పాలి."

"నాకు మాటలు రావండి."

"నన్ను అదిలించావుగా, ఆ గొంతుతోనే చెప్పు."

నన్నెవరూ అడగలేదు. నా పిడి మీద చంద్రకాంతం బొటనవేలు అరగదీసిన గుంట ఒకటుంది. నూకరత్నం వేలు అందులో కూర్చోదు. ఏం పర్వాలేదు, తన గుంట తనే చేసుకుంటుంది.