నాలుగు ఇంటిపేర్లు

ఎనభై ఆరులో వచ్చిన వరదల్లో భద్రాచలం నుంచి బయలుదేరిన బస్సు ఊరు దాటలేకపోయింది. గోదావరి రోడ్డెక్కేసింది. డ్రైవర్ బస్సు వెనక్కి తిప్పి, మెరక మీదున్న బడి దగ్గర అందరినీ దించాడు.

వాళ్లలో దమ్మపేట ఊరి పద్మావతమ్మ ఒకతె. కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న రైతు కుటుంబం ఆమెది. పిల్లల్లేరు. భర్త సంవత్సరీకం అయ్యాక రాముణ్ణి చూసుకుందామని ఒంటరిగా వచ్చింది. భర్త ఉన్నప్పుడు నాట్ల రోజుల్లో కూలీలందరికీ తనే వండి పెట్టేది. ఆయన పోయాక పొయ్యి ముట్టించడానికే మనసు రావడం లేదు. అలాగని పరాయి చేతి వంట తినే అలవాటూ లేదు. వరండాలో ఓ మూల కూర్చుని, సంచిలోని అటుకులతో ఆ రోజు గడిపింది.

మర్నాడు పడవ మీద బియ్యం, పప్పు వచ్చాయి. తెచ్చిన ఉద్యోగి, వంటకు సాయం చేసేవాళ్లెవరో పేర్లు చెప్పమన్నాడు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఒకావిడ ముందుగా లేచి, ఉప్పుల జోజమ్మ అని చెప్పింది. ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసే కందుల సంసోను కట్టెలు కొడతానన్నాడు. నీళ్లు మోస్తానన్న రిటైర్డ్ కండక్టర్ పేరు బియ్యాల వెంకటనారాయణ.

పద్మావతమ్మ నోట్లో అటుకులు అలాగే ఉండిపోయాయి. ఉప్పు, కంది, బియ్యం. తన అత్తవారింటిపేరు నేతి. ఎవరికెవరూ కాని నలుగురినీ రాముడే ఒక విస్తట్లోకి చేర్చాడని ఆమెకు తోచింది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పింది.

సంసోను గొడ్డలి ఆపి నవ్వాడు. "ఇంటిపేర్లు గట్లనే ఉంటయమ్మా. ఇంతమందిమి ఉన్నం, వెతికితే రాళ్లోళ్లు, ముళ్లోళ్లు గూడ దొరుకుతరు."

"దొరకనీ నాయనా. నాకు వినపడ్డవి ఇవే," అందామె.

జోజమ్మ మాత్రం నవ్వలేదు. "అమ్మగారూ, మేం కిరస్తానపోళ్లం. మా చేతిది తింటరా?"

అత్తగారు బతికుంటే ఏమనేదో పద్మావతమ్మకు తెలుసు. "జరుగు జోజమ్మా," అంది. "ఎసరు నేను పెడతాను. పప్పు నువ్వు చూడు."

ఇద్దరూ వండారు. అందరి మధ్యా కూర్చుని పద్మావతమ్మ కడుపునిండా తింది. నెయ్యి పేరుకే వచ్చింది గానీ విస్తట్లోకి రాలేదని తనే అంటే, పక్కనున్నవాళ్లు పొలమారేలా నవ్వారు. నీళ్లు తీసేదాకా ఆ పొయ్యి ఆ ఇద్దరిదే అయింది.

వెళ్లేముందు సంసోను ఇల్లందులో బావి పనివాళ్ల తిండి తిప్పల గురించి చెప్పాడు. ఒంటరిగా ఉండేవాళ్లకు వేళకు అన్నం పెట్టేవాళ్లు లేరట. పద్మావతమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఊరెళ్లి పొలం కౌలుకిచ్చి, ఇల్లందులో కలిసి మెస్ పెడదామని జోజమ్మకు కబురు పంపింది. ఆయా పనితో నడుము పడిపోతోందని జోజమ్మ కూడా సరేనంది. వెంకటనారాయణ తిరిగి తిరిగి అక్కడి బస్టాండు వెనక ఓ ఇల్లు కిరాయికి చూసిపెట్టాడు. మెస్ తెరిచిన రోజు మొదటి విస్తరి ముందు సంసోనే కూర్చున్నాడు, కందులవాడు పప్పు దగ్గర లేకపోతే ఎట్లా అంటూ.

బంధువులు కొందరు దమ్మపేట నుంచి వచ్చి ముఖాలు ముడుచుకున్నారు. ఆమె వాళ్లకూ వడ్డించింది. కొందరు తిన్నారు, కొందరు తినకుండా వెళ్లిపోయారు.

ఓసారి లెక్కల మాస్టారొకాయన తింటూ ఈ సంగతి విని, వందమందిలో ఇలాంటి ఇంటిపేర్లు కలవడం వింతేమీ కాదని ఓపికగా వివరించాడు. పద్మావతమ్మ శ్రద్ధగా విని, అంతే అయ్యుంటుందని ఒప్పుకుని, ఆయన విస్తట్లో మరో గరిటె పప్పు వేసింది.

మాస్టారు చెయ్యి కడుక్కుని వెళ్లాక, లోపలి నుంచి జోజమ్మ పిలిచింది. "అక్కా, రెండో షిఫ్టోళ్లు వచ్చేస్తరు. జల్దీ రా, మనం ఇంత తిందాం."

పద్మావతమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.