కాపలావాడికి కాపలా

బట్టల దుకాణం గేటు దగ్గర నేను నిలబడినన్నాళ్ళూ ఒక్క జేబురుమాలు కూడా దొంగచాటుగా బయటికి పోలేదు. అయినా యజమాని పిలిచి, "సోమవారం నుంచి నువ్వు మా ఉద్యోగివి కాదు, సొంత కాంట్రాక్టరువి. నీ బీమా నువ్వే తెచ్చుకో. పాలసీ లేకపోతే గేటు దగ్గరికి రాకు" అన్నాడు. ఆ గేటు తప్ప నాకు వేరే పని రాదు. ఆ రోజే బీమా ఆఫీసుకు వెళ్ళాను.

బీమా అధికారి నన్ను ఎగాదిగా చూశాడు.

"సెక్యూరిటీ వ్యాపారానికి పాలసీ కావాలంటే ముందు మీ ఆఫీసుకు కాపలా ఉండాలి. రేపొచ్చి చూస్తాను."

"నేనే కాపలావాణ్ణి కదండీ."

"మీరు యజమాని. మీకు మీరే కాపలా ఎలా కాస్తారు?"

నా ఆఫీసంటే మా వంటిల్లే. ఆ నిబంధన రాసినవాడి బుర్ర ఎలాంటిదో గానీ, ఇంటికొచ్చి చిందులు తొక్కాను. మా ఆవిడ గిన్నెలు తోముతూనే, "అమ్మ ఖాళీగానే ఉందిగా" అంది.

మర్నాడు అత్తగారికి నా పాత బెల్టూ కర్రా ఇచ్చి, గుమ్మంలో కుర్చీ వేశాను. "గుర్తింపు కార్డు లేనివాళ్ళని లోపలికి పంపకండి అత్తయ్యా" అని చెప్పి సందు చివరికి పరిగెత్తాను. అధికారిని వెంటబెట్టుకొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కర్ర ఉంది.

"కార్డేది?"

"నేను అత్తయ్యా, మీ అల్లుణ్ణి."

"ఎవరైనా అలాగే చెబుతారు."

"కార్డు లోపల చొక్కా జేబులో ఉంది."

"అయితే తెచ్చుకుని రా బాబూ."

"లోపలికి వెళితేగా తెచ్చేది."

"కార్డు లేకుండా లోపలికి ఎలా వెళతావు?"

అధికారి తన కార్డు చూపించాడు. అత్తగారు అతని కళ్ళజోడు తీయించి, ఫొటోతో పోల్చుకుని పంపించారు. నేను ఎండలో నిలబడ్డాను. కాసేపటికి అతను నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఇంత గట్టి కాపలా ఎక్కడా చూడలేదు. పాలసీ ఇచ్చేస్తున్నాం, ఆవిడ పేరు మీద."

"మరి నా సంగతి?"

"కార్డు లేకుండా లోపలికి దూరబోయారు. మీకెలా ఇస్తాం?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సోమవారం దుకాణం గేటు దగ్గర అత్తగారు నిలబడ్డారు. ఇప్పుడు ఆవిడదీ వ్యాపారమే కాబట్టి ఆవిడ ఆఫీసుకు, అంటే మా వంటింటికి, కాపలా ఉండాలి. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

సాయంత్రం ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు.

"జరుగు బాబూ, కాళ్ళు లాగేస్తున్నాయి."

"కార్డు చూపించండి" అన్నాను.

ఆవిడ చూపించారు. లోపలికి వెళుతూ నా భుజం తట్టి, "బాగా కాస్తున్నావు" అన్నారు. ఆ గేటు దగ్గర ఇన్నేళ్ళూ నాకా మాట ఎవరూ అనలేదు.