కారం లేని పొట్లాలు

కారం లేని కూడు చేసిపెట్టమని షాజాదీని అడిగే మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదనుకున్నారంతా. పుట్టింది! అదీ పరాయి పిల్ల కాదు, షాజాదీ చేతుల్లో పెరిగిన అన్న కూతురు నజ్మీన్.

పర్చూరు దాటాక మిరప చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. అమ్మానాన్నా పోయిన నజ్మీన్‌ని మేనత్త షాజాదీయే పెంచింది. ఆవిడ మొగుడూ ఏనాడో పోయాడు. పచ్చళ్లు, కారప్పొడులు అమ్ముకుంటూ పిల్లను చదివించింది. ఆ పిల్లేమో విశాఖపట్నం వెళ్లి తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఇప్పుడు మరో ముగ్గురితో కలిసి నెలల తరబడి సముద్రం మీద తిరగబోతోంది. షాజాదీ సముద్రాన్ని చూసింది ఒక్కసారే, చీరాల దగ్గర, అదీ కాళ్లు తడవకుండా.

"మా కెప్టెన్ డబ్బా తిండి కొందామన్నారు అత్తా. నీ చేతి తిండి తెస్తానని నేను పోట్లాడాను" అని నజ్మీన్ ఫోన్లో చెప్పగానే షాజాదీ కాళ్లు నేల మీద నిలవలేదు. ఎన్నాళ్లయింది ఆ పిల్ల తనని నోరు తెరిచి ఏదైనా అడిగి! దోసావకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, వెల్లుల్లి కారం... ఇల్లంతా ఘాటెక్కిపోయింది.

పక్కింటి గురవమ్మ తుమ్ముకుంటూ వచ్చింది. "ఈ జాడీల బరువుకే ఆ పడవ మునిగేట్టుందే, షాజాదీ!"

"నీ నోట్లో మన్ను! ప్రయాణమయ్యే పిల్లని పట్టుకుని అట్టాంటి మాటలా?" అని షాజాదీ కసిరింది.

తీరా నజ్మీన్ వచ్చి, జాడీలు చూసి తల పట్టుకుంది.

"అక్కడ నీళ్లు కొలిచి తాగాలి అత్తా. ఇంత ఉప్పు, ఇంత కారం తింటే దాహం ఆగుద్దా? పడవ ఊగుడికి వాంతులైతే గొంతు మండిపోద్ది."

"మిరప చేలో పెరిగి కారం వద్దంటావా? సిగ్గులేదూ!"

"నాకిష్టమే. పడవకి కుదరదు. వచ్చే వారం మళ్లీ వస్తా. అప్పటికీ కుదరకపోతే డబ్బాలే గతి."

ఆ మాటకి షాజాదీ ఒళ్లు మండిపోయింది. డబ్బాలా? ఈ చేతి తిండి కూడా అక్కర్లేదంటే ఆ పిల్లకి ఇక తనతో పనేముంది? రేపు ఈ గడప తొక్కమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

పంతం పట్టింది. పేలపిండి విసిరింది. పెసర సున్నుండలు చుట్టింది. కందిపొడిలో మిరపకాయ వెయ్యబోయే చేతిని తనే తిట్టుకుని జీలకర్ర వేసింది. కానీ చప్పటి తిండి రుచి తన నాలుకకేం తెలుసు? అందుకని పడవలో వాళ్లెట్లా తింటారో తనూ అట్లాగే తిన్నది. పొద్దున్నే సీసా నీళ్లు పక్కన పెట్టుకుని, రోజంతా అవే తాగింది. దాహం పుట్టించిన పొడిలో ఉప్పు తగ్గించింది. గొంతుకి అడ్డం పడ్డ పిండిలో బెల్లం పెంచింది. కోడికూర వండాను రమ్మని గురవమ్మ కేకేసినా కదల్లేదు.

దాహం కష్టమనిపించింది. చప్పిడి కూడు మరీ కష్టమనిపించింది. గోడకి చేరగిలబడి, పలకరించే మనిషి లేకుండా రోజు గడపడం మాత్రం ఏమంత కష్టమనిపించలేదు. అలవాటైపోయిందన్నమాట! ఆ సంగతి తోచగానే చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. ఆ పూట ఇక తినలేదు.

నజ్మీన్ వచ్చి అన్నీ రుచి చూసింది. అక్కడికక్కడే కెప్టెన్‌కి ఫోన్ చేసి, "డబ్బాలు వద్దు సార్, మా అత్త గెలిచింది" అని చెప్పింది. షాజాదీ మొహం చేటంతయింది. ఇద్దరూ కలిసి పొట్లాలు కట్టారు. వీధిలో ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

అప్పుడు చూసింది నజ్మీన్ మేనత్త పెదవులు. ఎండి పగిలి ఉన్నాయి.

"ఏంటత్తా ఇది? వారమంతా ఇదే తిన్నావా?"

"నీకు పెట్టేది నేను తినకుండా ఎట్టా పంపుతానే?"

నజ్మీన్ సంచి కింద పెట్టేసింది. "నా కోసం బెంగ పెట్టుకోకు. అక్కడ మేం నలుగురం. మాట్లాడతాం, పోట్లాడుకుంటాం."

"నాకు భయంగా ఉందే" అంది షాజాదీ. ఆ మాట ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

"సముద్రమంటేనా?"

"సముద్రం నాకేం తెలుసు? ఈ ఇల్లంటే."