ఆమోస్‌కు రెండు ముగింపులు

ఆ పొద్దున హాలీవుడ్ మీద ఆకాశమన్నది కనబడలేదు. సముద్రం నుంచి వచ్చిన మంచు కప్పులేని షూటింగు వేదిక మీద తిష్ఠ వేసుకుంది. ఎండ లేనిదే బొమ్మ పడదు గనక అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కథలు రాసే విల్లా ఒక్కతే ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ల కిందట ఈ స్టూడియో గేటు దగ్గర కోడిగుడ్లు అమ్మేది. హీరోయిన్ అలిగిపోయి కథ ఆగిన రోజున, బుట్ట దించి, "ఆ పిల్ల ఉత్తరం రాసిపెట్టి లేచిపోయిందని చూపించండి" అంది. అప్పటినుంచి నూటికి పైగా కథలు రాసింది. ఈసారిది సొంత గోడు. భర్త ఆమోస్ చేపల పడవెక్కి ఐదేళ్లయింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. కథలో శవాన్ని ఒడ్డుకు చేర్చింది. కెమెరా తిప్పే కాస్పర్ తనని పెళ్లి మాట అడిగి నెలయింది. ఏ సంగతీ ఇవాళ చెబుతానంది.

"విల్లా తల్లీ, ఆ చచ్చినోణ్ణి లేపాలమ్మా," అన్నాడు డైరెక్టర్ డెలనీ.

"ఎందుకూ?"

"బొమ్మ చివర్లో రష్యావాళ్లు ఏడవాలి, మనవాళ్లు నవ్వాలి. రెండు ముగింపులూ తీద్దాం. ఎండొచ్చేలోగా బతికించు."

మంచు కాస్త పలచబడింది. "చావుకి ఈ వెలుగు చాలు," అన్నాడు కాస్పర్.

చచ్చినవాడి తల్లి వేషం విల్లా అత్తగారు తబితాకి పడింది. కొడుకు ఆమోస్ ఏ రేవులోనో తాగి పడుంటాడని ఐదేళ్లుగా చెబుతున్న మనిషి. గోనెపట్టా కప్పుకున్న నటుడి పక్కన కూలబడి ఏడ్చింది. డెలనీ చాలన్నా ఆగలేదు.

"అవ్వా, కన్నీళ్లు నా చెవిలోకి పోతున్నాయే," అన్నాడు శవం.

మధ్యాహ్నానికి ఎండొచ్చింది. కొడుకు తిరిగొచ్చిన విందుకి బల్ల వేశారు. తబితా కదల్లేదు.

"ముసలమ్మా, కొడుకొచ్చాడు! నవ్వాలి!" అని అరిచాడు డెలనీ.

"పొద్దున్నే సాగనంపాను కదయ్యా. పూటకోసారి నావల్ల కాదు." కోడలి వైపు తిరిగింది. "నువ్వే కదే రాసింది? వాడు పోయాడని నాతో అనలేక రాశావు. సరే, అర్థమైంది."

విల్లా చేతిలో కాగితాలు చూసుకుంది. చావు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అతను తలుపు తోసుకుని రావడం, బూట్లలో నీళ్లు వంచడం అరగంటలో వచ్చేశాయి. తను దేన్ని నమ్మి రాసిందో, దేన్ని ఊరికే రాసిందో ఎంత వెతికినా తేలలేదు.

వేరే ముసలామెను పెట్టి విందు షూటింగు ముగించారు. కాస్పర్ విల్లా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ చెబుతానన్నావు."

"పొద్దున తెలుసు కాస్పర్. ఇప్పుడు తెలీడం లేదు."

"మళ్లీ ఎప్పుడు అడగను?"

"అడుగు... వద్దు, అడక్కు. ముందు కూర్చో."

విందు బల్ల మీద మాంసం పులుసు, రొట్టె అలాగే ఉన్నాయి. తబితా బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ముగ్గురూ రొట్టె తుంచి ముంచుకున్నారు. చల్లారిన పులుసు అడుగుదాకా తిన్నారు.