కాళ్ళు లేని డ్రమ్ము

మార్తమ్మకు కోపం వస్తే ఎదురుగా ఉన్న నీళ్ళు మరిగేవి. మాచర్ల పక్కన ఆ పేటలో అదేమంత వింత కాదు. బాలింతకు వేన్నీళ్ళు కావలసిన వాళ్ళు కాగు తెచ్చి ఆమె ముందు పెట్టి, ఆమె మొగుడి సంగతి కాసేపు కదిలించేవాళ్ళు. కాగు పొగలు కక్కేది. పుల్లలు మిగిలేవి.

ఆ మొగుడు ఇన్నయ్య. సాగరు ప్రాజెక్టులో ఇనప పని నేర్చి వచ్చాడు. చేతిపనికి వంక పెట్టలేం, నోటికే పెట్టాలి. వేలంలో వచ్చిన స్టీలు డ్రమ్ములను సారా కాచే పాత్రలుగా మార్చేవాడు. ముందు డ్రమ్ము మెడదాకా నీళ్ళు నింపేవాడు. లోపల మిగిలిన నూనె ఆవిరికి ఉలి రవ్వ అంటుకుంటే మనిషి దక్కడు. తర్వాత మూత కోసి, రాగి గొట్టం బిగించి, కింద మంట పెట్టడానికి మూడు కాళ్ళు అతికేవాడు.

అవి మద్యనిషేధం రోజులు. సారా కాచేవాళ్ళను వాసన కంటే ముందు పొగ పట్టించేది. ఇన్నయ్య కూడా ఒకసారి అలాగే మూడు నెలలు జైలుకెళ్ళాడు. తిరిగొచ్చాక, ఇంట్లోనే పొయ్యి ఉండగా పుల్లలెందుకు అనుకున్నాడు.

ఈసారి సొంతానికి చేసుకున్న డ్రమ్ముకు కాళ్ళు పెట్టలేదు. కారుతున్న అడుగు అంచుకు, మంట తగలదు కదా అని, తేలిగ్గా తగరంతో మాటు వేసి ఊరుకున్నాడు. మార్తమ్మ కోపం తగిలేది నీళ్ళకే. ఇనుము మీద చెయ్యి పెడితే చల్లగానే ఉండేది.

రోజూ పొద్దున, బెల్లం, తుమ్మచెక్క వేసి పులియబెట్టిన ఊటను డ్రమ్ములో పోసి, పెళ్ళాన్ని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి తిట్టేవాడు. ఈపూరులో వాళ్ళమ్మ కూలికి పోయిన సంగతితో మొదలుపెట్టి మార్తమ్మ నడకదాకా ఏదీ వదిలేవాడు కాదు. అతను అలిసిపోతే భాగస్తుడు యల్లమంద అందుకునేవాడు. సారా బొట్టు బొట్టుగా దిగేది. వీధిలో తిరిగే పోలీసులు, పొద్దస్తమానం తగువులాడుకునే కొంప అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

లేచి వెళ్ళిపోవాలని మార్తమ్మకు రోజూ ఉండేది. ఆ కోపమే వెళ్ళనిచ్చేది కాదు. అన్నన్ని మాటలకు ఒక్క జవాబైనా చెప్పకుండా ఎట్లా పోతుంది? రేపు చెబుతాననుకుని మళ్ళీ పీట మీద కూర్చునేది.

వేసవికల్లా తిట్లు పాతబడ్డాయి. ఊట గోరువెచ్చన దాటడం లేదు. కొత్తగా ఏమన్నా అనమని యల్లమంద పోరుపెట్టాడు. ఇన్నయ్య ఆలోచించి, ఎన్నడూ అనని మాట అన్నాడు.

"పిల్లకొచ్చింది జొరం కాదే. ఒళ్ళో పెట్టుకుని మరగబెట్టి చంపింది నువ్వే."

వాళ్ళ ఎలిజబెత్ రెండేళ్ళప్పుడు విషజ్వరంతో పోయింది. ఆ పదకొండు రోజులూ మార్తమ్మ ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు, పిలిచినా రాని డాక్టరు మీద కూడా. పిల్ల వంక చూసే ముందు ప్రతిసారీ స్తోత్రం చెప్పుకుని మరీ చూసేది. పక్కనే కూర్చుని తడిగుడ్డలు అందిస్తూ అదంతా చూసినవాడు ఇన్నయ్య.

ఊట ఎగిసి పొంగుతుందని మగవాళ్ళిద్దరూ వెనక్కి జరిగారు. ఒక్క బుడగ కూడా లేవలేదు. మార్తమ్మ తనలో కోపం కోసం వెతుక్కుంది. దొరకలేదు. పిల్ల గుర్తొచ్చి ఏడుపొచ్చింది, అంతే. ఎదురుగా ఉన్నవాడు మాత్రం ఎవరో పరాయివాడిలా ఉన్నాడు. పరాయివాడికి జవాబు బాకీ ఏముంది?

"ఏందే అట్టా చూస్తన్నావు?" అన్నాడు ఇన్నయ్య.

ఆమె లేచి రెండు చీరలు, బైబిలు మూట కట్టుకుంది. గడప దాటేదాకా ఒకరు, సందు మలుపు తిరిగేదాకా మరొకరు తిట్టారు. ఊట చల్లారిపోయింది.

పులిసింది పాడైపోతుందని యల్లమంద తొందరపెట్టాడు. ఇన్నయ్య పళ్ళు నూరుతూ కాళ్ళు లేని డ్రమ్మును మూడు రాళ్ళమీదికి ఎక్కించి కింద మంట పెట్టాడు. తగరం మాటు సంగతి ఆ ఆవేశంలో మరిచిపోయాడు. అంచుకు మంట తగిలి మాటు కరిగింది. ఊటంతా నిప్పుల మీద పడి, తెల్లటి పొగ పేట మీదికి లేచింది.

రోడ్డు మీద మార్తమ్మకు ఇద్దరు పోలీసులు ఎదురయ్యారు. ఆ పొగ ఎవరింటిదమ్మా అని అడిగారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఎవురో ఇన్నయ్యంటయ్యా," అంది.

వాళ్ళు అటు పరుగెత్తారు. ఆమె చలివేంద్రం దగ్గర ముంతెడు నీళ్ళు తీసుకుని కూర్చుంది. ఎండ మండిపోతోంది. వినుకొండ బస్సు వచ్చేదాకా ముంతలో నీళ్ళు చల్లగానే ఉన్నాయి.